టెరెజీన్ పాటలు పాడిన స్వీడన్ గొంతు

స్టాక్‌హోమ్‌లో కాపురముంటున్న తెలుగువాళ్లకి ఆన్ సోఫీ ఫాన్ ఓటర్ పేరు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. 1955లో ఈ ఊళ్లోనే పుట్టిన గాయని. ఒపేరా వేదికలన్నీ చూసినావిడ. గ్రీగ్ పాటలతో ఆవిడ చేసిన రికార్డుని 1993లో గ్రామొఫోన్ పత్రిక ఆ ఏటి మేటి రికార్డుగా ఎంచింది. అయినా ఆవిడ పాడినవాటిలో ఏదో ఒక్కటే వినే వీలుంటే వినాల్సింది 2007లో డాయిచె గ్రామొఫోన్ విడుదల చేసిన టెరెజీన్ పాటల సంపుటి.

ప్రాగ్‌కి ఉత్తరాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోట ఊరు టెరెజీన్. నాజీలు 1941 చివర్లో దాన్ని యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. సుమారు 1,40,000 మందిని అక్కడికి తోలారు. అందులో 33,000 మంది దాకా అక్కడే ప్రాణాలు వదిలారు. మరో 88,000 మందిని ఆష్విట్జ్ వంటి మరణ శిబిరాలకి రైళ్లెక్కించారు. ఆ బందీల్లో పేరున్న సంగీతకర్తలెందరో ఉన్నారు. విక్టర్ ఉల్మన్, పావెల్ హాస్, హాన్స్ క్రాసా అక్కడే రాశారు, పాడించారు. ముగ్గుర్నీ 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో చంపేశారు.

అదే శిబిరంలో బందీగా ఉన్న ఇల్జే వెబర్ వాళ్లలా సంగీతం వృత్తిగా ఉన్న మనిషి కాదు. పిల్లలకి కథలు రాసేది, గిటార్ వాయించేది. టెరెజీన్‌లో పిల్లల ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తూ, మందుల్లేని చోట రోగంతో పడుకున్న పిల్లలకి తను కట్టిన పాటలు పాడింది. పెద్దకొడుకు హానుష్‌ని 1939లోనే దేశం దాటించారు. వాడు చివరికి స్వీడన్ చేరి ఇక్కడే పెరిగాడు. చిన్నకొడుకు టోమీ తల్లి దగ్గరే ఉండిపోయాడు. భర్త విలీని ఆష్విట్జ్ పంపినప్పుడు ఇల్జే కొడుకుని వెంటబెట్టుకుని తనంతట తానే వెనకాల వెళ్లింది. తల్లీకొడుకులిద్దర్నీ చంపేశారు. విలీ బతికాడు. వెళ్లే ముందు ఆమె రాతల్ని పనిముట్ల కొట్టంలో పాతిపెట్టి వెళ్లాడు కనుక, యుద్ధం ముగిశాక తవ్వి తీసుకోగలిగాడు.

యూరప్ శాస్త్రీయ సంగీతంలో కవితకి స్వరం కట్టి ఒక గొంతు, ఒక పియానోతో పాడే సంప్రదాయం ఉంది. మన ఆకాశవాణి లలితగీతాలు విని పెరిగినవాళ్లకి దాని రుచి తేలిగ్గానే పట్టుబడుతుంది. ఈ సంపుటిలోని ఇల్జే పాటలు అంత బరువైనవి కూడా కావు. చిన్న పల్లవులు, తేలికైన వరసలు. ఇలాంటివి పెద్ద గాయకుల చేతిలో పడితే అలంకారాలు ఎక్కువై నలిగిపోతాయి. ఆన్ సోఫీ అలా చెయ్యలేదు. ఇల్జే కట్టిన జోలపాటలో గొంతుని దాదాపు మాట్లాడే స్థాయికి దించేశారు, స్వరాన్ని ఎక్కడా ఊపలేదు, ఏడుపు కలపలేదు. పిల్లవాణ్ణి నిద్రపుచ్చాలంటే ఎంత కావాలో అంతే పాడారు. ఈ రికార్డు గొప్పదనమంతా ఆ నిగ్రహంలోనే ఉంది. పియానో దగ్గర ఆవిడ చిరకాల సహచరుడు బెంగ్ట్ ఫోర్స్‌బెర్గ్ కూడా అంతే ఒద్దికగా వాయించారు.

ఆన్ సోఫీ ఈ పాటల దాకా రావడం వెనక ఇంటి కథ ఒకటుంది. తండ్రి యోరాన్ ఫాన్ ఓటర్ బెర్లిన్‌లో స్వీడన్ దౌత్యాధికారిగా ఉండేవారు. 1942 ఆగస్టులో వార్సా నుంచి బెర్లిన్ వెళ్లే రాత్రి రైల్లో కుర్ట్ గెర్‌స్టైన్ అనే నాజీ ఎస్.ఎస్. అధికారి ఆయనకి తారసపడ్డాడు. బెల్జెట్స్ శిబిరంలో విషవాయువుతో జనాన్ని చంపడం కళ్లారా చూశానని గంటల తరబడి చెప్పి, ఈ సంగతి లోకానికి తెలియజెయ్యమని ప్రాధేయపడ్డాడు. యోరాన్ తన పైవాళ్లకి చెప్పారు. స్వీడన్ ప్రభుత్వం ఆ మాటని యుద్ధం ముగిసేదాకా మిత్రరాజ్యాలకి చేరవెయ్యలేదు. అటువంటి తండ్రి కూతురు ఈ పాటలు పాడితే, వినేవాళ్లు దాన్ని మామూలు సంగీత ప్రయోగంగా తీసుకోలేరు. తీసుకోకూడదు కూడా.

ఇదే సంపుటిలో బారిటోన్ క్రిస్టియాన్ గేర్‌హాహర్ పాడిన పావెల్ హాస్ పాటలు నాలుగున్నాయి. పాత చైనా కవితల చెక్ అనువాదాలకి హాస్ 1944లో స్వరం కట్టాడు. నాలుగూ ఇంటి బెంగ పాటలే. పరాయి దేశంలో ఉంటున్న తెలుగు శ్రోతకి అందులో తన బెంగ వినిపించడం సహజం. కానీ ఆ రెంటినీ ఒక గాటన కట్టడం అన్యాయం. సెలవు దొరికితే విమానమెక్కి హైదరాబాదులో దిగగలిగిన మనిషి బెంగ వేరు. హాస్‌కి తిరుగు ప్రయాణం లేదు. పాటల్లో అడుగున పియానో నాలుగే స్వరాల్ని మళ్లీ మళ్లీ మోగిస్తూ ఆ సంగతే గుర్తుచేస్తుంటుంది. హాస్ వీటిని రాసింది తోటి బందీ కారెల్ బెర్మన్ గొంతు కోసం. ఆయన శిబిరంలోనే వాటిని పాడాడు, ఆష్విట్జ్ నుంచి కూడా బతికి బయటపడ్డాడు, తర్వాత ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఏళ్ల తరబడి ఒపేరాలు పాడాడు.