పెద్దపండగ వంటింటి కబుర్లు

సిక్కోలులోనూ, ఇజీనారంలోనూ ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా పండగ మాటే. ఊరందరికీ సంక్రాంతి, మనకు పెద్దపండగ. పోయిన పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి తలుచుకునే రోజులివి. వంటలతోపాటు వాళ్ల నోటి మాటలూ బయటికొచ్చేది ఇప్పుడే.

ముందుగా పొంగడాలు. తడిబియ్యం పిండిలో బెల్లం కలిపి కాగిన నూనెలో పోస్తే గుండ్రంగా పొంగి తేలతాయి. సంతల్లో తేగల కట్టలూ వచ్చేశాయి. పాతర తవ్వి తీసిన తేగ ఉడికించుకుంటే ఒక రుచి, కాల్చుకుంటే ఇంకో రుచి. తాటి టెంక పగలగొడితే దొరికే తెల్లటి బుర్రగుంజు కోసం పిల్లలు పోటీ పడతారు.

చోళ్లు, గంటెలు కూడా మళ్లీ మంచిరోజులు చూస్తున్నాయి. చోళ్లంటే రాగులు, గంటెలంటే సజ్జలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంలో ప్యాకెట్లకెక్కాయి. ప్యాకెట్ మీద రాగి అని ఉంటే ఉండనివ్వండి, ఇంట్లో మాత్రం చోడి అంబలి అనే అడగండి.

ఇక కనుమ. మినుము తినాల్సిన రోజు కాబట్టి గారెలు తప్పవు, వాటి పక్కన నీసు తప్పదు. నలుగురైదుగురు కలిసి వేటను కొని, కోసి, పోగులు వేసుకుంటారు. కార్జం పిల్లలకు, దుమ్ములు పులుసుకు. ఇక్కడ వేటంటే మేకపోతో, గొర్రెపోతో. అదే కళింగపట్నం, భావనపాడు తీరాన వేటంటే పడవెక్కి సముద్రం మీదికెళ్లడం. తీరం నుంచి వచ్చే ఎండుచేపల గంపలో కవ్వళ్లుంటాయి, నెత్తళ్లుంటాయి. ఆ నెత్తళ్లనే కొందరు మెత్తళ్లంటారు. వంకాయతో వండితే మాత్రం పేరేదైనా గిన్నె ఖాళీ.

ఇలాంటి ముచ్చట ఇంగ్లీషువాళ్లకూ ఉంది. వాళ్ల పాతభాషలో మీట్ అంటే ఏ తిండైనా సరే, మాంసమే కానక్కర్లేదు. క్రిస్మస్‌కు చేసే మిన్స్‌మీట్‌లో ఒకప్పుడు మాంసం వేసేవారు. ఇప్పుడు దాన్లో ఎక్కువగా ఎండుపళ్లూ మసాలాలే. వంట మారినా పేరు నిలిచింది.

పండగ వెళ్లీ వెళ్లగానే మక్కువ దగ్గర శంబర పోలమాంబ జాతర, ఆ దరిదాపుల్లోనే అరసవల్లిలో రథసప్తమి. ఈ రోజుల్లోనే జనవరి 22 గిడుగు రామమూర్తి పంతులుగారి వర్ధంతి. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన ఆయన, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. రైతుల నోట విన్న వ్యవసాయపదాలతో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం తెచ్చింది 1962లో. కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో మన ప్రాంతపు కథలు వెతికి చదువుకోవచ్చు.

అలాంటి పని వంటింటికీ జరగాలని నా ఆశ. పండక్కి ఊరొచ్చిన పిల్లలూ, ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఏ గింజను ఏమంటుందో, ఏ చేపను ఏమంటుందో, ఏ ముక్కను ఏమంటుందో ఆవిడ గొంతులోనే రికార్డు చేయండి. పక్కన ఊరిపేరు, తారీఖు రాసి పెట్టండి. పదిళ్లవి కలిపితే ఊరి వంటకోశం తయారవుతుంది.