ఎడమ చక్రం నాది, కుడి చక్రం తనది

టెక్సస్‌లో పిల్లలకి పదిహేనో ఏడు నిండిందంటే ఇంట్లో కారు మాట మొదలైనట్టే. పదిహేనేళ్లకి లెర్నర్ లైసెన్సు ఇస్తారు. దాన్ని కనీసం ఆరు నెలలు దగ్గరుంచుకుంటే పదహారు నిండాక ఒంటరిగా నడిపే లైసెన్సు చేతికొస్తుంది. ఈలోపు పెద్దవాళ్లెవరో ఒకరు పక్క సీట్లో ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుని ముప్పై గంటలు నడిపించాలి, అందులో పది గంటలు చీకటిపడ్డాక. మన ఇండియాలో పద్దెనిమిది నిండనిదే కారు స్టీరింగు పట్టుకోకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మైనర్ బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడికో బండి యజమానికో పాతిక వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అక్కడ అంత కట్టడి, ఇక్కడ ఇంత వెసులుబాటు. ఊళ్లు కట్టిన తీరే అందుకు కారణం. డాలస్ దగ్గర మేముండే ఫ్రిస్కో వైపు ఇల్లు ఒక మూల, హైస్కూలు ఒక మూల, బ్యాండు ప్రాక్టీసు ఇంకో మూల. సిటీ బస్సు కంటికి కనపడదు. పిల్లలకి లైసెన్సు వచ్చేదాకా వాళ్ల డ్రైవరు ఉద్యోగం మనదే.

అందుకే ఇక్కడి తెలుగువాళ్ల విందుల్లో, బిర్యానీ ప్లేట్లు చేతిలోకి వచ్చేసరికి, "అమ్మాయికి ఏ కారు తీసుకుంటున్నారు?" అన్న ప్రశ్న కూడా వచ్చేస్తుంది. కొందరు కొత్తది కొంటారు. కొందరు భార్య నడిపే కారు పిల్లకిచ్చి భార్యకి కొత్తది కొంటారు. నా మాట ఒక్కటే: పిల్లల మొదటి కారు పాతదై ఉండాలి, అదీ ఇంటి దగ్గర బాగుచేసుకోగలిగినంత పాతది. ఇందులో డబ్బు సంగతీ ఉంది. పాలసీలో పదహారేళ్ల డ్రైవరు పేరు చేర్చగానే ఏజెంటు చెప్పే అంకె విన్నవాళ్లెవరికీ మళ్లీ కొత్త కారు మీద మనసు పోదు. డబ్బొక్కటే కాదు. కొత్త కారుకి వారంటీ ఉంటుంది, బానెట్ ఎత్తాల్సిన పని ఉండదు. నా అభ్యంతరం సరిగ్గా దాని మీదే.

పాతదంటే మరీ పాతది కాదు. బండి అదుపు తప్పి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి. మా అమ్మాయి కోసం వెతికినప్పుడు అంతకు ముందువి మేం చూడలేదు. ఇక్కడి లెక్కల ప్రకారం మైలుకి మైలు పోల్చి చూస్తే, పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లు చిక్కుకునే ప్రాణాంతక ప్రమాదాలు ఇరవై దాటినవాళ్ల కంటే దాదాపు మూడింతలు. ఇది తెలిశాక రంగూ సీట్ల తోలూ ఎవరు చూస్తారు?

చూడాల్సినవి వేరే. అద్దం కింద పదిహేడు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని కేంద్ర రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైట్లో కొడితే ఆ బండికి ఏ రీకాల్ మిగిలి ఉందో చెప్పేస్తుంది. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు వేడికీ తేమకీ లోపలి మందు పాడై, తెరుచుకున్నప్పుడు ఇనప ముక్కలు విసిరి ప్రాణాలు తీశాయి. అమెరికాలోనే ఆరున్నర కోట్లకు పైగా వెనక్కి పిలిచారు. ఇప్పటికీ మార్పించుకోనివాళ్లున్నారు, మార్చడం పూర్తిగా ఉచితమైనా సరే. ఇక టైరు. గాడి లోతుగా ఉంది కదా అని మురిసిపోకూడదు. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదవాలి. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. గాడి బాగానే ఉన్నా పదేళ్లు టెక్సస్ ఎండలో ఎండిన రబ్బరుకి తడి రోడ్డు మీద పట్టుండదు.

ఇవన్నీ చూసుకుని ఒక పాత జపాన్ సెడాన్ తెచ్చాం. ఇంజను నిక్షేపంలా ఉంది. కానీ బ్రేకు తొక్కితే ముందు చక్రాలు కీచుమంటున్నాయి. షాపులో అడిగితే విడిభాగాల ధరకి మూడింతల పైమాటే చెప్పారు. అప్పుడే నేను, "ఇంట్లో మారుద్దాం" అన్నాను. మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు మారిస్తే మొదట మీరే నడపాలి" అంది. న్యాయమైన షరతే.

నేను చదివింది మెకానికల్. నాతోపాటు చదివిన వాళ్లలో సగం మంది డిగ్రీ చేతికి రాగానే అమీర్‌పేటలో కోర్సు చేసి విమానం ఎక్కారు. నేనూ అదే దారి. వర్క్‌షాపులో ఆకురాయితో ఇనుము రాకడమే నేను చేసిన ఆఖరి చేతిపని. అంతకుముందు పానా చూసింది మా నాన్న చేతిలో. ఆదివారం పొద్దున్నే స్కూటరుని పక్కకి వంచి, ప్లగ్గు విప్పి, మసి పట్టిన కొసని ఉప్పుకాగితంతో రుద్ది, ఊది, మళ్లీ బిగించేవాడు. నా పని పానా అందించడం. అంతకుమించి చెయ్యి పెడితే, "నీకెందుకురా, వెళ్లి చదువుకో" అనేవాడు. మధ్యతరగతి తెలుగిళ్లలో చదువుకునే పిల్లాడి చేతికి గ్రీజు అంటకూడదు. ఆ రోజుల్లో అది ప్రేమే. చెయ్యి మాసే బతుకు వాళ్లు చూశారు, మాకు వద్దనుకున్నారు. ఇంజనీర్లం అయ్యాం, ఇంజను ముట్టకుండానే అయ్యాం.

మా కాలనీ సంఘం నిబంధనల ప్రకారం డ్రైవ్‌వేలో బండి రిపేరు చేయకూడదు. గరాజు లోపలైతే ఫరవాలేదు. శనివారం పొద్దున ఎండ ముదరకముందే తలుపెత్తి పని మొదలుపెట్టాం. బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు కాస్త వదులు చేయాలి, పైకెత్తాక చేస్తే చక్రం గిర్రున తిరుగుతుంది. జాకీతో ఎత్తాక కింద స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదకి దించాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండు లేకుండా ఎవరూ కింద చెయ్యి కూడా పెట్టకూడదని మా ఇంట్లో మొదటి శాసనం.

చక్రం ఊడదీయగానే మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు వేసింది. మెరిసే డిస్కు, దాన్ని రెండు వైపులా పట్టుకున్న కాలిపర్, లోపల రెండు ప్యాడ్లు. "ఇంతేనా?" అంది. ఇంతే. టన్నున్నర బండి హైవే మీద ఆగేది ఈ పిడికెడు ముక్కల మీదే. కొత్త ప్యాడ్ మందం పదీ పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది, మూడుకి దిగితే మార్చాలి. మావి అంతకంటే కిందికి వెళ్లాయి. కీచుమన్న శబ్దం ఎక్కడిదో కూడా తెలిసింది. ప్యాడ్ పలచబడగానే డిస్కుకి రాసుకుని అరిచేలా తయారీలోనే ఒక చిన్న ఇనప రేకు అమరుస్తారు. "అంటే అది పాడవలేదు, చెప్తోంది" అంది పిల్ల. కారుని గురించి తను అన్న మొదటి తెలివైన మాట అది.

ప్యాడ్లతోపాటు డిస్కు కూడా మార్చాలనుకున్నాం, అక్కడే పని నిలిచిపోయింది. దాన్ని పట్టుకుని రెండు చిన్న స్క్రూలుంటాయి. ఏళ్ల తరబడి తుప్పుపట్టి బిగుసుకుపోయి, స్క్రూడ్రైవర్ తిప్పితే తలలు అరుగుతున్నాయే కానీ కదలవు. ఈలోగా నడకకి వచ్చిన మన తెలుగాయన ఆగి, "ఏమండీ, షాపుకిస్తే ఎంతవుతుంది?" అని అడిగి, చెప్పాక, "అంతేగా, ఇచ్చేయాల్సింది" అని ముందుకి సాగాడు. తర్వాత పక్కింటి పెద్దాయన వచ్చాడు. పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే. ఏం మాట్లాడకుండా వంగి చూసి, ఇంటికెళ్లి ఇంపాక్ట్ డ్రైవరూ సుత్తీ తెచ్చాడు. దాని కొస స్క్రూ తలలో పెట్టి వెనక సుత్తితో గట్టిగా మోదితే, ఆ దెబ్బే తిరుగుడుగా మారుతుంది. రెండు దెబ్బలకి స్క్రూ లొంగింది. పనిముట్టు మాత్రం నా చేతికివ్వలేదు, పిల్ల చేతికిచ్చాడు.

ఎడమ చక్రం నేను పూర్తి చేశాను. కాలిపర్ గొట్టానికి వేలాడకుండా తీగతో కట్టడం, సి-క్లాంపుతో పిస్టన్‌ని మెల్లగా లోపలికి నొక్కడం, జారే పిన్నులకి గ్రీజు రాయడం, చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించడం, చివర్న టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పిన 80 ఫుట్-పౌండ్లకి టక్కుమనేదాకా తిప్పడం. తను చూసింది. తర్వాత కుడి చక్రం దగ్గర స్టూలు వేసి, "ఇది నీది" అన్నాను.

నాకు అసలు పరీక్ష అక్కడ మొదలైంది. ఒకచోట నిలబడి, చెయ్యి పెట్టకుండా, నోరు మెదపకుండా ఉండాలి. మన తల్లిదండ్రులకి ఇంతకంటే కష్టమైన పని లేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు పిల్లల పనులన్నీ మనమే కలిపి పెడతాం. సైన్స్ ఫెయిర్ అట్టల మీద అక్షరాలు మనవే, కాలేజీ దరఖాస్తు వ్యాసంలో దిద్దుబాట్లు మనవే. పిల్ల బోల్టుని ఎటు తిప్పాలో ఆలోచిస్తుంటే నా చెయ్యి దానంతటదే ముందుకి పోతోంది. "నాన్నా, నువ్వు ముట్టుకోకు" అంది. చేతులు కట్టుకున్నాను. నాకు పట్టినదానికి రెట్టింపు సమయం పట్టింది, కానీ పని శుభ్రంగా వచ్చింది. పిస్టన్ వెనక్కి నొక్కాక మొదటిసారి తొక్కితే బ్రేకు పెడలు నేలకి అంటుకుంటుందనీ, గట్టిపడేదాకా తొక్కాకే బండి కదపాలనీ తనే చదివి నాకు చెప్పింది. షరతు ప్రకారం మొదట నేనే నడిపాను, ఖాళీ పార్కింగ్ స్థలంలో. బండి ఆగింది. మా ఆవిడ అప్పుడు ఎక్కింది.

కొన్నాళ్లకి డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారుకీ స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. చిన్న స్కానర్ తగిలిస్తే లోపమేంటో కోడ్ చెబుతుంది. మాకు వచ్చింది పి0301: మొదటి సిలిండరు సరిగ్గా మండటం లేదు. అది కాయిలా, ప్లగ్గా, ఇంకేదైనానా? కొని మార్చి చూడడం గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. మొదటి సిలిండరు కాయిల్ రెండోదానికి, రెండోది మొదటిదానికి మార్చి పెట్టి నడిపితే చాలు. కోడ్ పి0302కి మారితే దోషం కాయిల్‌ది, మారకపోతే వెతకాల్సింది వేరే చోట. ఇంజను చల్లారాక ఈ మార్పు తనే చేసింది. కోడ్ మారింది. ఒక్క కాయిల్ కొన్నాం. ఏ బళ్లోనూ కొలవని తెలివి ఇది: ఒక్కసారికి ఒక్కటే మార్చు, ఏం మారిందో చూడు.

అలాగని అన్నీ ఇంట్లోనే కుదరవు. ఎయిర్‌బ్యాగు తీగలు, పెట్రోలు గొట్టాలు, సస్పెన్షన్ స్ప్రింగులు ఇంటి గరాజులో ముట్టుకోకూడదు. తీసిన పాత ఇంజను ఆయిల్ కాలవలో పోయకూడదు, విడిభాగాల దుకాణాల్లో చాలావాటిలో ఉచితంగానే తీసుకుంటారు. ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ చదువులో భాగమే.

ఇప్పుడు ఈ చదువు అవసరం ఇంకా పెరిగింది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇంతకుముందు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు బ్రేకులూ లైట్లూ చూసేవారు. ఇప్పుడు ఆ కన్ను లేదు. ఇంట్లోవాళ్లే చూసుకోవాలి, అందులోనూ ఎక్కువగా నడిపేవాళ్లు.

కాబట్టి పిల్లలకి కారు కొనబోతున్న తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇదే. మంచి పాత కారు కొనండి. రీకాళ్లు చూడండి, టైరు వయసు చదవండి. జాకీ కంటే ముందు స్టాండ్లు కొనండి. ఒక చక్రం మీరు చేసి చూపించండి, రెండోది వాళ్లకి వదిలేయండి. రాకపోతే అడగనివ్వండి, అడగకముందే అందుకోకండి. హైవే మీద పిల్ల ఒంటరిగా వెళుతున్నప్పుడు పక్క సీట్లో మీరుండరు. బండి చేసే చప్పుడు అర్థమైన పిల్ల ఉంటుంది, అది చాలు.