మాట్లాడగలిగేంత వేగం చాలు

ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయలేదు. మాది నాలుగో అంతస్తు. మూడో అంతస్తులోనే ఆగిపోయి, రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతున్నాను. పైనుంచి దిగుతున్న పక్కింటి తాతగారు ఆగి, ‘‘ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?’’ అన్నారు. నాకు 28 ఏళ్లు. జ్వరం లేదు, జలుబు లేదు. ఆయనకేం చెప్పాలో తోచలేదు.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన ఒళ్లు. దానికి తోడు, అంతకు నాలుగు నెలల ముందే ఒంగోలులో నాన్నకి స్టెంట్ వేశారు. ఆయనకప్పుడు 54. ఆసుపత్రి కారిడార్‌లో కూర్చున్న ఆ రాత్రి పట్టుకున్న భయం నన్నింకా వదల్లేదు.

అందుకే మర్నాడు పొద్దున్నే జిమ్‌కి వెళ్లాను. పక్క ట్రెడ్‌మిల్ మీద ఒకమ్మాయి గంటకు 9 కిలోమీటర్ల స్పీడ్‌లో హాయిగా పరుగెడుతోంది. నేనూ 9 పెట్టేశాను. ఆరో నిమిషానికి వాచ్‌లో గుండె వేగం 186. ‘ఇంకో రెండు నిమిషాలే’ అనుకున్నా. ఎనిమిదో నిమిషంలో ఇక నావల్ల కాక, స్టాప్ నొక్కి అలాగే నిలబడిపోయాను. కళ్ల ముందు చీకట్లు, చెవుల్లో హోరు. కింద కూలబడ్డాను. జిమ్‌లో కుప్పకూలిన కుర్రాళ్ల వీడియోలు అమ్మ వాట్సాప్‌లో ఎన్ని పంపిందో, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసీజీ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ చూశారు. బాగానే ఉన్నాయి. ‘‘బాగున్నాయి కదా అని ఎంతైనా పరుగెత్తొచ్చని కాదు’’ అని ముందే కట్టడి చేశారు. పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయట. ఉన్నట్టుండి ఆగితే ఆ తోపు ఆగిపోయి, రక్తం కాళ్లలోనే నిలిచి, మెదడుకి తగ్గుతుందట. నాకు జరిగింది అదే. మొదట ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు మెల్లగా నడవాల్సిందేనని చెప్పారు.

‘‘మరి నాలాంటివాడు ఎంత చేస్తే సేఫ్ సార్?’’ ఇంజినీర్‌ని కదా, నాకో నంబర్ కావాలి. ఆయన నవ్వి, ‘‘నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే నీ స్పీడ్’’ అన్నారు.

నంబర్లు లేవని కాదు. 220లోంచి వయసు తీసేస్తే గుండె వేగానికి గరిష్ఠ హద్దు, సుమారుగా. నాకు 192. అందులో 50 నుంచి 70 శాతం, అంటే 96 నుంచి 134 దాకా మోస్తరు వ్యాయామం. నేను మొదటి రోజే 186కి వెళ్లాను! అయితే ఇది సగటు లెక్క, అందరికీ అతికినట్టు సరిపోదు. వారం మొత్తానికైతే, పెద్దవాళ్లకి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది చేరాల్సిన చోటు. మొదటి వారంలోనే అక్కడ ఉండాలని కాదు.

అప్పటికే నాన్నని కూడా రోజూ సాయంత్రం నడవమన్నారు వాళ్ల డాక్టర్. ఆయన వేసుకునే మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి 220 లెక్క ఆయనకి పనికిరాదు. మాట్లాడే లెక్క మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది. దాంతో సాయంత్రం ఆరున్నరకి ఒంగోలులో ఆయన, ఇక్కడ నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో మాట్లాడుకుంటూ నడవడం మొదలుపెట్టాం.

‘‘ఏరా, మాట తెగుతోందేంటి?’’

‘‘సిగ్నల్ లేదు నాన్నా.’’

‘‘సిగ్నల్ కాదురా, నీ ఊపిరి. తగ్గించు.’’

మొదటి వారం రోజుకి 15 నిమిషాలు, ఐదు రోజులు. చాలా తేలిగ్గా అనిపించి రెండో వారం ఏకంగా 40కి వెళ్లాను. పిక్క ముందువైపు ఎముక వెంట ఒకటే నొప్పి. వారం రోజులు కుంటాను. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి కానీ ఎముకలకి, వాటిని పట్టుకునే నరాల్లాంటి కండ బంధాలకి ఇంకా టైమ్ కావాలి. ఆ తర్వాత వారానికి ఐదేసి నిమిషాలే పెంచాను. నిమిషాలు పెంచిన వారం స్పీడ్ పెంచలేదు. రోజుకి 30 నిమిషాలు నిలకడగా నడిచాకే పరుగు. అదీ ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక.

మూడో నెలలో ఒక సాయంత్రం, నాన్న మాట తెగడం మొదలైంది. ఎప్పుడూ నడిచే దారే, ఎప్పుడూ నడిచే స్పీడే. ‘‘నాన్నా, ముందు కూర్చో’’ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘‘రెండు రోజుల్నుంచి నడిస్తే ఛాతీ బరువుగా ఉంటోందిరా. మీరు కంగారు పడతారని చెప్పలేదు’’ అన్నారు. అమ్మకి ఫోన్ చేశాను, అరగంటలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఒక రాత్రి ఉంచుకుని, మందులు మార్చి పంపారు.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పినట్టవడం. ఇవొస్తే ‘ఇంకో రెండు నిమిషాలు’ అనుకోవద్దు. ఆగిపోవాలి, ఎవరికైనా చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, గట్టి వ్యాయామానికి ముందే ఒకసారి డాక్టర్‌ని కలవండి.

నాన్న ఇంటికొచ్చిన రోజు, ట్రెడ్‌మిల్ దగ్గర కూలబడ్డ సంగతి నేనూ చెప్పేశాను. తిట్టారు. ‘‘దాచుకోవడం మన ఇంటి జబ్బు’’ అని అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాం. ఆయన 15 నిమిషాల నుంచి మొదలుపెట్టారు. నేను పరుగెత్తగలను కానీ, సాయంత్రం ఆరున్నరకి మాత్రం నాన్న స్పీడే నా స్పీడ్.