ఉప్పునీళ్ల చిల్లా

మా ముందు గదిలో 150 లీటర్ల సముద్రం ఉంది. మొదటి 41 రోజులు అందులో ఒక్క చేప కూడా లేదు. మోటారు తిరిగేది, లైటు వెలిగేది, రాళ్ల మీదుగా నీళ్లు పారేవి. ఇంటికొచ్చిన మెహమాన్లందరిదీ ఒకటే సవాల్: "మచ్లియాఁ కాఁ?" ఒక్కొక్కరికీ జవాబు చెప్పలేక ఇక్కడ తఫ్సీల్‌గా రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలు కూడా ఇలాంటి అక్వేరియం కావాలని జిద్ చేస్తుంటే పనికొస్తుంది.

ఈ షౌఖ్ నాది కాదు, మా తమ్ముడిది. వాడు షార్జాలో ఉంటాడు. మన కరీంనగర్ వైపు ఏ ఖాందాన్‌లో చూసినా గల్ఫ్‌లో ఒకరుంటారు, మా ఖాందాన్‌లో వాడు. సెలవు రోజున సముద్రం ఒడ్డున కూర్చోవడం ఒక్కటే అక్కడ వాడికి ఖర్చు లేని తఫ్రీ. ఎనిమిదేళ్ల వాడి బిడ్డ మాత్రం సముద్రాన్ని వీడియో కాల్‌లోనే చూసింది. జమ్మికుంట నుంచి ఏ సముద్రం చూడాలన్నా రాత్రంతా ప్రయాణమే. అందుకే ఈసారి 40 రోజుల ఛుట్టీకి వస్తూ "నా బిడ్డ కోసం సముద్రాన్నే ఇంటికి తెస్త" అన్నాడు. వచ్చిన ఆరో రోజున ట్యాంకులో నీళ్లు నింపాం.

వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ కూడా ఉంటాయి. అందుకని అక్వేరియం కోసమే తయారుచేసిన ఉప్పును లీటరుకు దాదాపు 35 గ్రాముల లెక్కన ఆర్ఓ నీళ్లలో కలిపాం. ఐదు కిలోలకు పైనే పట్టింది. "గింత ఉప్పు సాలన్‌ల పడితే మీ అబ్బా గిన్నె గిరాటేస్తుండె" అని అమ్మీ నవ్వింది. రాళ్లు కాల్చి తయారుచేసినవి తెచ్చాం. సముద్రంలోంచి తీసిన పగడాలను ఇంట్లో పెట్టుకోవడం మన దేశంలో జుర్మ్. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో 2001 నుంచి పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

నీళ్లు అద్దంలా తేటపడ్డాయి. మరి చేపలు ఎందుకు వేయకూడదు?

చేప తిన్నదాని వ్యర్థం ఎక్కువగా అమ్మోనియాగా మారి దాని మొప్పల నుంచే బయటికొస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. సముద్రంలో అది చెదిరిపోతుంది, ట్యాంకులో పోగవుతుంది. పైగా ఉప్పునీళ్లలో దాని జోరు ఎక్కువ. పీహెచ్ 7 ఉన్న మంచినీళ్లలో మొత్తం అమ్మోనియాలో నిజంగా జహర్‌గా పనిచేసే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8.2 ఉండే సముద్రపు నీళ్లలో అది ఆరేడు వంతులు. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా.

దీనికి ఇలాజ్ అల్లా పుట్టించిన కంటికి కనపడని మఖ్లూఖ్ చేతిలో ఉంది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో అంత ఖత్రా లేదు, అప్పుడప్పుడు కొన్ని నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ రాళ్ల మీదా ఫిల్టర్‌లోనూ కాపురం పెట్టాలి. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియా రాత్రికి రాత్రే పెరుగుతుంది. ఇవి అలా కాదు, చాలా ఆహిస్తా. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లెక్క చెప్పగానే అమ్మీ అంది: "అంటే నీళ్లు చిల్లాకు పోయినట్లే."

ఇది కొత్తగా కనిపెట్టిన నఖ్రా కాదు. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక నింపిన గొట్టంలోంచి మురికి నీళ్లు పారించారు. 20 రోజుల పాటు పోసిన అమ్మోనియా పోసినట్లే బయటికొచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫామ్ పెడితే ఆగిపోయింది. అంటే పని చేస్తున్నది ఇసుక కాదు, అందులోని ప్రాణులు అని తేలింది. మన పత్తి చేన్లలోనూ జరిగేది ఇదే. మా జమ్మికుంట మీదుగా పోయే రైలు లైన్‌లోనే రామగుండం ఉంది, అక్కడి ఫ్యాక్టరీలో అమ్మోనియాతోనే యూరియా తయారవుతుంది. రైతు చల్లిన యూరియా నేలలో మళ్లీ అమ్మోనియా అయి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో నైట్రేట్ అయ్యాకే పత్తి చెట్టు దాన్ని ఎక్కువగా తీసుకుంటుంది.

చేపలు లేకుండానే ఆ బ్యాక్టీరియాకు రిజ్క్ ఇవ్వాలంటే అమ్మోనియా మనమే వేయాలి. దానికి అమ్మోనియం క్లోరైడ్ తెప్పించాను. ఉర్దూ మీడియంలో చదివిన నాకు అది నౌషాదర్. తెలుగులో నవాసాగరం. మా దాదా కళాయి పని చేసేవారు. కాలిన రాగి దేగ్‌లో నౌషాదర్ పొడి చల్లి దూదితో రుద్దితే తెల్లని పొగ లేచేది. రాగి మీది మైల పోయి తగరం పట్టుకునేది. ముక్కు అదిరిపోయే ఆ వాసన అమ్మోనియాదే. దాదా సంచీలో ఉన్నదీ నా చేతిలోని డబ్బాలో ఉన్నదీ ఒకటే చీజ్. అయితే కళాయి పనికి అమ్మేది ట్యాంకులో వేయకండి, అందులో ఇంకేం కలిసి ఉంటుందో చెప్పలేం. ల్యాబ్‌లో వాడే శుద్ధమైనదే కావాలి. అదీ ఎంతో కాదు. 150 లీటర్లకు ఒక గ్రాము కంటే కాస్త తక్కువ వేస్తే అమ్మోనియా 2 పీపీఎంకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు, చేరుతుంది.

రోజూ మగ్రిబ్ తర్వాత టెస్ట్. చిన్న గాజు సీసాలో ట్యాంకు నీళ్లు పోసి, కిట్‌లోని చుక్కలు లెక్కపెట్టి వేసి, ఐదు నిమిషాలు ఆగి, రంగును కార్డుతో పోల్చాలి. పసుపు వస్తే అమ్మోనియా లేనట్లు. పచ్చదనం ఎంత ముదిరితే అంత ఎక్కువ. హిసాబ్ రాసే జిమ్మేదారీ తమ్ముడి బిడ్డది. నోట్‌బుక్‌లో తేదీ, అంకె, పక్కన తను పెట్టుకున్న పేర్లు: నిమ్మకాయ, జామకాయ, పచ్చిమిర్చి. మొదటి తొమ్మిది రోజులూ ఒకే పేరు రాసింది: పచ్చిమిర్చి.

పదో రోజున తమ్ముడి సబర్ అయిపోయింది. ఒక చేపల దుకాణంవాడికి ఫోన్ చేశాడు. వాడు చెప్పిన తర్కీబ్ సులువుగానే ఉంది. డ్యామ్సెల్ అనే సస్తా చేపలు నాలుగు వేయండి, గట్టివి, చాలావరకు బతుకుతాయి. చస్తే చచ్చాయి. నీళ్లు తయారయ్యాక మంచి చేపలు వేసుకోవచ్చు. చాలా ఏళ్లు అక్వేరియంవాళ్లు చేసిందీ అదే.

"భాయ్, నాకు దినాలు లెక్కనే ఉన్నయ్. నా బిడ్డతోని కూసొని చేపలు చూసి పోత. నాలుగు ఏద్దాం" అన్నాడు.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వదిలిపెట్టక చంపిన ఔరత్ గురించిన హదీస్ గుర్తుచేశాను. పెంచుకోవడం మనా కాదు. అబూ ఉమైర్ అనే పిల్లవాడి పిట్ట చనిపోతే రసూలుల్లాహ్ (స) వాడిని పలకరించి ఓదార్చారు. కానీ బంధించి పెట్టుకున్న ప్రాణం అమానత్. మొప్పలు మండే నీళ్లని తెలిసీ అందులో వదలడం, అదీ సస్తా చేప అని వదలడం నాకు ఇష్టం లేదన్నాను.

వాడు వెంటనే ఏం అనలేదు. అన్నం తిని చేతులు కడుక్కున్నాక అన్నాడు: "మేం కొత్తగ పోయినప్పుడు గూడ గంతే భాయ్. కొత్తోళ్లను ముందుగాల ఎండల పనికి పెడుతుండె. ఎవడు నిలవడ్తడో సూద్దామని. పడిపోయినోన్ని ఇంటికి పంపిస్తుండె." అక్కడున్న ఇన్నేళ్లలో ఈ ముచ్చట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మీ దస్తర్‌ఖాన్ మడుస్తూ ఆగిపోయింది. డ్యామ్సెల్ మాట మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

పన్నెండో రోజున జామకాయ. పదిహేడో రోజున నిమ్మకాయ. ఆ రోజు ఇంట్లో సేమియా వండారు. కానీ సగం పనే అయింది. అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది, దాని టెస్ట్ సీసా ముదురు వంగపండు రంగుకు తిరిగింది. మొదటి రకం ఫౌజ్‌కు భూక్ కాకుండా కొద్దిగా నౌషాదర్ వేస్తూ రెండో రకం కోసం ఇంతెజార్. ఈ మధ్యలో కరెంటు పోతే మోటారును ఇన్వర్టర్ మీద నడిపాం. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, పారే నీళ్లే దాన్ని తెచ్చిస్తాయి.

35వ రోజున తమ్ముడి ఫ్లైట్. ఆ ఉదయం కూడా నైట్రైట్ సీసా వంగపండు రంగే. సూట్‌కేస్ దర్వాజా దగ్గర పెట్టి, వాడూ బిడ్డా ఖాళీ ట్యాంకు ముందు కూర్చున్నారు. నీళ్లలో రాళ్లు, రాళ్ల మీద కాస్త గోధుమరంగు నాచు, అంతే. చేపలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో బిడ్డ వేలితో చూపిస్తోంది. వాడు ఒక్కొక్క చోటుకూ తల ఊపుతున్నాడు.

41వ రోజున ఆఖరి ఇమ్తెహాన్ ముగిసింది. ముందు రోజు సాయంత్రం 2 పీపీఎం అమ్మోనియా వేశాం. 24 గంటల తర్వాత అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం పుష్కలం. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వేసి తొందరగా అయిందనుకున్నా ఈ ఆఖరి పరీక్ష తప్పదు. సగం నీళ్లు మార్చి, నైట్రేట్ తగ్గించి, రెండే రెండు క్లౌన్ చేపలు తెచ్చాం. సముద్రంలో పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవి. వీటిని పెంచి పిల్లలు చేయించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దగ్గరా ఉంది. ఒకేసారి పది వేస్తే బ్యాక్టీరియాకు అంత భారం మోసే తాఖత్ ఉండదు. అందుకే రెండు. మొదటి రెండు వారాలు రోజూ టెస్ట్, ఇప్పుడు వారానికోసారి జుమా నాడు.

తమ్ముడు డ్యూటీ దిగి రాత్రి ఫోన్ చేస్తాడు. బిడ్డ ఫోన్‌ను అద్దానికి ఆనించి చేపల్ని చూపిస్తుంది. వాడు చూస్తాడు, మాషా అల్లా అంటాడు. కానీ అంతకంటే ముందు, సలాం చెప్పగానే అడిగేది ఒకటే: "బేటా, అమ్మోనియా ఎంతుంది?"