అరకు ఘాట్‌లో బ్రేక్ కీచుమంటే...

అరకు నుంచి అనంతగిరి మీదుగా సైకిల్ మీద దిగడమంటే ఆ కిక్కే వేరు! రోడ్డుకి అటూ ఇటూ కాఫీ తోటలు, చెట్లెక్కిన మిరియాల తీగలు. మలుపు మలుపుకీ బ్రేక్ పట్టాల్సిందే. గాలికొండ దాటాక నా వెనక బ్రేక్ కీచుమంది, పట్టు పోయింది. సర్వీసింగ్‌లో చైన్‌కి కొట్టిన ఆయిల్ స్ప్రే డిస్క్ మీదా పడిందన్నమాట. ఇక తొక్కలేదు, సైకిల్‌ని వ్యాన్ ఎక్కించేశా.

డిస్క్ లోహం కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ప్యాడ్లు అలా కాదు, ఆయిల్‌ని పీల్చేసుకుంటాయి. గరుకు కాగితంతో రుద్దినా ఆ పట్టు ఎన్నాళ్లో ఉండదు. ఘాట్‌కెళ్లేవాళ్లు మార్చేయడమే మేలు. కొత్తవి వేశాక చదును రోడ్డు మీద ఓ 20 సార్లు, చక్రం బిగుసుకోకుండా వేగం తగ్గిస్తూ అలవాటు చేయండి. కొండ దిగడం ఆ తర్వాతే!