పాత డీ90కి రేటెంత పలుకుద్ది?

పొద్దున మన జంగారెడ్డిగూడెంలో తెలిసిన స్టూడియో అన్న తన నికాన్ డీ90 అమ్మకానికి పెట్టాడు.

చేతిలోకి తీసుకుని చూశా. గ్రిప్ రబ్బరు ఊడిపోతుంటే గమ్ము పెట్టి అంటించాడు. షట్టర్ బటన్ చుట్టూ నలుపంతా అరిగిపోయింది.

2008లో వచ్చినప్పుడు వీడియో తీసే మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్ అదే! గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర ఎంతమంది పెళ్లిళ్లు తీసిందో.

"ఫొటో ఇప్పటికీ బానే వత్తదిరా. బుకింగ్‌కి వచ్చినోళ్లు ముందు మిర్రర్‌లెస్సేనా అని అడుగుతున్నారు" అన్నాడు.

అందుకే అప్పు చేసి మిర్రర్‌లెస్ కొంటున్నాడు. బాడీ ఒక్కటే అయితే సరే. పాత స్క్రూ డ్రైవ్ లెన్సుల్ని తిప్పే మోటారు డీ90లో ఉంది, నికాన్ మిర్రర్‌లెస్ బాడీల్లో లేదు. ఆటోఫోకస్ కావాలంటే చాలావరకు ఆ లెన్సులూ మళ్లీ కొనాల్సి వస్తుంది.

కొత్తవి గొప్పవి కావని అనను. ఆటపాక పక్షుల కేంద్రంలో ఎగిరే గూడబాతు కన్ను మీదే ఫోకస్ నిలబెట్టేస్తున్నాయి. చీకటి మండపంలోనూ ఫొటో శుభ్రంగా వస్తోంది. పక్షుల వెంట తిరిగేవాళ్లకి ఆ ఖర్చు తగినదే.

కానీ పెళ్లి ఆల్బమ్‌కి? 8×12 అంగుళాల ప్రింటుకి డీ90 ఇచ్చే 12 మెగాపిక్సెళ్లు హాయిగా సరిపోతాయి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురు ఎప్పుడు తలెత్తుతుందో అన్నకి తెలుసు. దానికి కదా మనం డబ్బులివ్వాల్సింది! ఈసారి బుకింగ్‌కి వెళ్తే కెమెరా పేరు అడక్కండి, తీసిన ఆల్బమ్ ఒకటి మొత్తం తిరగేయండి.

స్టూడియో వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఒక బాడీని ఎన్నేళ్లు వాడుతున్నారు? లెన్సులు ముందు మారుస్తున్నారా, బాడీయా?