నాన్నగారి కారులో గలగల

మిక్సీ గడగడమంటే మీరేం చేస్తారు? మూత మీద ఓ చెయ్యి, జారు మీద ఓ చెయ్యి వేసి, ఎక్కడ పట్టుకుంటే మోత ఆగుతుందో చూస్తారు కదూ! మొన్న సంక్రాంతికి మా నాన్నగారి కారు దగ్గర నేను చేసిందీ అదే.

కారంటే 1984 మోడల్ అంబాసిడర్. వాటి తయారీ 2014లోనే ఆగిపోయింది. నేను తెనాలి వెళ్ళేసరికి ఇంట్లో అదే గొడవ. స్టార్ట్ చేస్తే చాలు, స్టీలు సామాను దొర్లినట్టు గలగల. షెడ్డులో చూపిస్తే "ఇంజను దింపాలి, ముప్ఫై వేలు పైనే" అన్నారట. అమ్మేద్దామంటాడు తమ్ముడు. నాన్నగారేమో "చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు. కారు వదిలించుకోవడానికి మీరంతా అల్లిన కథ" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆయనకిప్పుడు ఎనభై రెండు. చెవులు సరిగా వినపడవు, ఆ మాట ఒప్పుకోరు. ఒకప్పుడు కారు వీధి మలుపు తిరక్కముందే అది ఎవరిదో చెప్పిన మనిషి!

మర్నాడు వంటయ్యాక నేనే నడుం బిగించాను. ముందు డిక్కీ ఖాళీ చేయించాను. జాకీ, పానాలు, స్టెప్నీ వదులుగా ఉన్నా మోతే కదా. (అమ్మ ఎప్పుడో పోయిందనుకున్న ఇత్తడి చెంబు అందులో దొరికింది!) అయినా గలగల పోలేదు. బండి కదలకుండా ఇంజను ఒక్కటే ఆన్ చేయిస్తే అప్పుడూ ఉంది. అంటే చక్రాలదీ, కమాను పట్టీలదీ కాదన్నమాట. తమ్ముణ్ణి ఆక్సిలరేటర్ కాస్త నొక్కమన్నాను. చప్పుడు మాయం! వదిలితే మళ్ళీ మొదలు. ఇంజను లోపలి జబ్బయితే రేజ్ చేస్తే తగ్గుతుందా అని అనుమానం వచ్చింది.

ఆపించి, పూర్తిగా చల్లారాక (వేడి సైలెన్సర్ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది సుమండీ) వెనక వంగి, పొగ గొట్టాన్ని పప్పుగుత్తితో తట్టాను. అదే గలగల! గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు ఎండి తెగిపోయింది. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఎక్కువ ఊగుతుంది. దాంతో గొట్టమూ ఊగి పైరేకుకి కొట్టుకుంటోంది.

ఇది నాన్నగారికి చెప్పేదెలా? ఆయన చెయ్యి పట్టుకెళ్ళి వెనక సీటు కింది రేకు మీద ఆనించి, స్టార్ట్ చెయ్యమన్నాను.

"కొట్టుకుంటోందే!" అన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఎన్నాళ్ళ నుంచే?"

"దసరా నుంచి నాన్నగారూ."

"మూణ్ణెల్లుగా నాకు వినపడలేదన్నమాట."

ఎవరం మాట్లాడలేదు. తమ్ముడైతే తల పక్కకి తిప్పుకున్నాడు.

కొత్త రబ్బరు, బిగింపు కూలి కలిపి మూడొందలు కూడా కాలేదు. షెడ్డు నుంచి వస్తుంటే ముందు సీట్లోంచి నాన్నగారే అన్నారు, "దార్లో ఆ చెవుల డాక్టరు దగ్గర కాస్త ఆపరా" అని. రెండేళ్ళుగా మేం బతిమాలుతున్నది దానికే.